రెండు పోగులు

నెగడులోకి ఇంకో రెండు పత్తికట్టెలు తోయరా అబ్బోడా. పాపా, నువ్వు ఈ పక్కకి జరిగి కూర్చో, పొగ అటు మళ్ళింది. ఇందాక కరెంటు పోయినప్పుడు నువ్వు ఒక మాట అన్నావే, "మాటిమాటికీ ఫ్యూజు పోతోంది కదా తాతా, ఒక పోగు ఉన్నచోట రెండు పోగులు వేసేస్తే సరి" అని. ఆ మాట మన సాత్తూరు సీమలో ప్రతి ఊళ్ళోనూ విన్నాను. సేద్యగాళ్ళు అన్నారు, మిల్లుకారులు అన్నారు, తిరునాళ్ళకి సీరియల్ సెట్లు కట్టేవాళ్ళు అన్నారు. విన్నప్పుడల్లా నాకు ఒక ఇల్లు కళ్ళ ముందుకి వస్తుంది. ఆ ఇంటి సంగతి చెప్తా, కానీ దానికి ముందు చెప్పాల్సింది చాలా ఉంది. ఈ రాత్రికి మీ టీవీ ఎట్లాగూ లేదు, వినండి.

మా చిన్నప్పుడు ఈ నల్లరేగడి ఊళ్ళల్లో కరెంటు అంటే మిల్లులకి సంబంధించిన మాట. తామ్రపర్ణి మీద పాపనాశం పవర్‌హౌసు 1944లో నడవడం మొదలైంది. కోవిల్‌పట్టిలో నూలు మిల్లులు ఉండేవి, కోయంబత్తూరు కుప్పుస్వామి నాయుడి గారి లక్ష్మీ మిల్స్ వాళ్ళది కూడా ఒకటి ఆడ ఉండేది. మన ఊళ్ళో మాత్రం కిరసనాయిలు బుడ్డి. చేను తడపాలంటే కపిల, ఎద్దులు, తోలు బొక్కెన. మనవాళ్ళు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటూ తరతరాలుగా ఈ నేలని దున్నినవాళ్ళే గానీ, నీళ్ళ విషయంలో మాత్రం వానదేవుడి దయే. కామరాజు గారు 1954లో ముఖ్యమంత్రి అయినారు. 1957లోనూ 1962లోనూ ఆయన గెలిచింది మన సాత్తూరు నుంచే. ఆ 1957లోనే మద్రాసు రాష్ట్ర విద్యుత్ బోర్డు పెట్టినారు. ఆ కాలంలోనే స్తంభాలు ఊళ్ళలోకి నడిచి వచ్చినాయి. స్తంభం పాతిన రోజు మా అవ్వ దానికి పసుపు రాసి కుంకం పెట్టింది. ఆ భక్తి ఎందుకంటే, ఎద్దుల మెడలు పుండ్లు పడడం చూసి చూసి ఆమె ప్రాణం విసిగిపోయింది.

ప్రతి ఇంటికీ ఒక చెక్క బోర్డు, దాని మీద తెల్లటి పింగాణీ ఫ్యూజు కట్టె. కట్టెకి రెండు చివర్లా ఇత్తడి నాలికలు, ఒక్కో నాలికకి ఒక్కో మర. రెండు మరల మధ్య సన్నని తగరం పూత పూసిన రాగి పోగు. ఇల్లంతా తాగే కరెంటు ఆ పోగు మీదుగానే పోవాలి. పోగు వెళ్ళే దారిలో ఆస్బెస్టాసు గొట్టం ఒకటి ఉండేది, కరిగినప్పుడు మెరుపు పింగాణీని పగలగొట్టకుండా. ఇంట్లో ఎంత ఖరీదైన వస్తువున్నా, అందరికన్నా ముందు చచ్చిపోవడానికి ఒప్పుకొని నిలబడింది ఆ పోగు ఒక్కటే. అది చచ్చిపోకపోతే దాని వల్ల ప్రయోజనమే లేదు. ఈ ఒక్క సంగతి మన జనానికి ఎక్కించడానికి నా జీవితం సరిపోలేదు. ఫ్యూజు పోతే "కరెంటు చెడిపోయింది" అంటారు. చెడిపోకుండా ఆపినందుకే అది పోయింది అంటే ఒక్కరూ నమ్మరు.

నేను పని నేర్చుకున్నది సాత్తూరులో ఒక జిన్నింగు మిల్లులో. ఆడ కరెంటు పని చూసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. చదువు ఐదో తరగతి దాటలేదు. కానీ తెల్లవాళ్ళ కాలం ఇంజనీర్ల దగ్గర పనిచేసి, చూసిందల్లా మనసులో పెట్టుకున్నవాడు. పత్తి సీజను అయిపోయి మిల్లు నిలబడిపోయినప్పుడు, రాత్రిపూట మమ్మల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. ఆయన పాఠం నోటిమాట కాదు, కళ్ళకి చూపించేవాడు.

ఒక పెద్ద చెక్క పీపాలో నీళ్ళు పోసి ఉప్పు కలిపేవాడు. అందులోకి రెండు ఇనప రేకులు తాడుతో వేలాడదీసేవాడు. రేకులు పైకి ఉంటే కరెంటు కొంచెం, నీళ్ళలోకి దించేకొద్దీ ఎక్కువ. అట్లా ఎంత కావాలంటే అంత లోడు పెట్టొచ్చు. పీపా దగ్గరికి మమ్మల్ని ఎవ్వరినీ రానిచ్చేవాడు కాదు, ఎండిన పలక మీద నిలబడి తాడు తానే పట్టుకునేవాడు. మధ్యలో ఆంపియర్ మీటరు. దాని పక్కన ఒక పలక మీద రెండు ఫ్యూజు కట్టెలు, ఆస్బెస్టాసు గొట్టం తీసేసి, పోగు బయటికి కనపడేటట్టు. మీరు ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు, ఇప్పుడే చెప్తున్నా.

పోగు ఏది అంటే, కొలతకి 36 గేజి. మీరు చూసే మెత్తని వైరు, 23/76 అనీ 40/76 అనీ అంగట్లో అడుగుతామే, అందులో ఒక్కో పోగు అదే. అంగుళంలో పదివేల వంతులు 76 ఉంటుంది, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. 5 ఆంపియర్ల ఫ్యూజు వైరుకి దాదాపు సరిసమానం. అందుకే మన ఊళ్ళల్లో ఫ్యూజు పోగానే పాత వైరు ముక్క ఒలిచి ఒక పోగు లాగి వేసేస్తారు. ఒక పోగు వేస్తే అది తప్పు లెక్క కూడా కాదు, నిజం చెప్పాలంటే.

మేస్త్రి మొదట ఒక పోగు బిగించి తాడు వదిలినాడు. ముల్లు 5 దగ్గర నిలబెట్టినాడు, పోగు మామూలుగా ఉంది. 6 దగ్గర చీకట్లో సన్నగా ఎర్రబడింది. 7 దాటి కొంచెం ముందుకి పోయిందో లేదో నడిమధ్యన ఒక చుక్క మెరిసి తెగింది. తెగిన రెండు కొనల్లోనూ ఆవగింజలో సగం ఉండే రాగి గుండు కట్టుకొని ఉంది. చివర్ల దగ్గర కాకుండా నడిమధ్యలోనే ఎందుకు తెగిందని అడిగినాడు. చివర్ల వేడిని మరలూ ఇత్తడీ లాక్కుంటాయి, మధ్యలో దానికి దిక్కు లేదు.

అప్పుడు రెండో కట్టెలోనూ అదే పోగు బిగించి రెంటినీ పక్కపక్కన కలిపినాడు, ఈ చివర ఒకటిగా, ఆ చివర ఒకటిగా. మీ పుస్తకంలో పారలల్ అంటారే, అదే. ముల్లు 7 దాటింది, 10 దాటింది, పోగులకి చలనం లేదు. 14 దగ్గర పడుతుంటే ఒకటి తెగింది. దాన్ని చూసి "ఒకటి పోయింది" అని మేము అనేలోపే రెండోది కూడా పోయింది. మేస్త్రి నవ్వి, రెండోది మిగలదురా, మిగలడానికి వీల్లేదు అన్నాడు. ఎందుకో ఆలోచించు. ఒక్కో పోగు 7 మొయ్యగలదు. మొదటిది తెగే వేళకి మొత్తం కరెంటు 7 కన్నా ఎక్కువే ఉండి తీరాలి కదా. ఆ మొత్తం ఇప్పుడు మిగిలిన ఒక్క పోగు మీదికి వస్తుంది. ఒక జాతి పోగులు రెండు ఉంటే ఒకటి పోయినాక ఇంకొకటి నిలవడం అనేది లేదు. కాడికి కట్టిన జోడెద్దుల్లో ఒకటి కూలబడితే బండి బరువంతా రెండోదాని మెడ మీదికే వస్తుంది చూడు, అట్లా.

ఇంతవరకూ పద్దు సరిగ్గా ఉంది, రెండు ఏడులు పద్నాలుగు. తర్వాత ఆయన ఒక కట్టె మరని అర చుట్టు వదులు చేసినాడు, అంతే. ఈసారి 11 దగ్గరే రెండూ పోయినాయి. ముందు పోయింది ఏది? వదులు మర ఉన్నది అని మేమంతా అన్నాం. కాదు, బిగిమర ఉన్నది. ఆ పోగు పొడుగు ఐదు సెంటీమీటర్లు, దాని నిరోధం ఓములో నలభయ్యో వంతుకి అటూ ఇటూ. మర వదులైతే, దుమ్మో చిలుమో పడితే, ఆ చోట వచ్చే నిరోధం కూడా దాదాపు అంతే అయి కూర్చుంటుంది. కరెంటు తేలిక దారి చూసుకుంటుంది. బాగా బిగించిన పోగు మీదికి ఎక్కువ భాగం పోయి, అది ముందు తెగుతుంది. అంటే రెండు ఫ్యూజులు పక్కపక్కన పెట్టినప్పుడు ఎంత దగ్గర తెగుతాయో వేసినవాడికే తెలియదు. ఈరోజు 14 కావచ్చు, వచ్చే నెల చిలుము పట్టినాక 11 కావచ్చు, ఎవరో వచ్చి మర బిగిస్తే మళ్ళీ 14 కావచ్చు. కాపలా పెట్టినవాడికి తన కాపలాదారు ఎప్పుడు లేస్తాడో తెలియకపోతే ఆ కాపలా ఎందుకు?

రెండు పోగుల్నీ పురిపెట్టి ఒకే కట్టెలో వేసి కూడా చూపించినాడు. మన ఊళ్ళల్లో అందరూ చేసేది ఇదే. అది 12 దగ్గరికి వచ్చి పోయింది. విడివిడిగా ఉన్నప్పుడు ఒక్కో పోగుకి చుట్టూ గాలి తగులుతుంది, వేడి పోతుంది. పురిపెడితే ఒకదాని వేడి ఇంకొకటి కాచుకుంటుంది. ఇంగ్లండులో తపాలా శాఖ ఇంజనీరు విలియం ప్రీస్ అనే ఆయన 1880లలోనే రకరకాల తీగల్ని కరిగించి ఒక సూత్రం కట్టినాడు. తీగ లావు పెరిగేకొద్దీ మోసే కరెంటు లావుకన్నా వేగంగా పెరుగుతుంది, కానీ లోపలి రాగి పెరిగినంతగా పెరగదు. రాగి రెట్టింపైనా, చల్లబడడానికి పైచర్మం రెట్టింపు కాదు కదా. అందుకే ఒకే లావు తీగకన్నా అంతే రాగి ఉన్న రెండు సన్న పోగులు విడివిడిగా ఉంటే ఎక్కువ మోస్తాయి. ఈ సంగతి మేస్త్రికి ప్రీస్ పేరు తెలియకుండానే తెలుసు.

ఆ రాత్రి చివరగా చూపించింది మాత్రం నేను ఈరోజుకీ మర్చిపోలేదు. ఒక కట్టెలో ఆ 5 ఆంపియర్ల సన్న పోగు, పక్క కట్టెలో 10 ఆంపియర్ల లావు పోగు. ఏది ముందు పోతుందో చెప్పండి అన్నాడు. మిల్లు వాచ్‌మన్‌తో సహా అందరం సన్నదే అన్నాం. తాడు వదిలినాడు. 10, 15, 20. సన్న పోగు కొంచెం కూడా ఎర్రబడలేదు. లావు పోగు ఎర్రబడింది, నారింజ రంగుకి తిరిగింది, 22 దగ్గర లావుదే తెగింది. ఆ వెంటనే సన్నది టప్పుమని మాయమైంది, కరగడం కంటికి కూడా ఆనలేదు. లెక్క చూడండి. సన్నదాని లావు 2 అనుకుంటే లావుది మూడున్నర. రాగి మూడింతలు, కాబట్టి కరెంటులో నాలుగింట మూడు పాళ్ళు లావుదాని మీదికి పోతుంది. కానీ మోసే శక్తి మూడింతలు లేదు, రెండింతలకి కొంచెం ఎక్కువ అంతే. వాటా మూడింతలు, బలం రెండింతలు. అందుకని లావుది ముందు అలిసిపోతుంది. 22లో నాలుగోవంతు అంటే ఐదున్నర, అది సన్నదానికి సుఖంగా ఉంది. తర్వాత 22 మొత్తం దాని మీద పడింది. పక్కన సన్న పోగు ఉంది కదా, అదే ముందు తెగి మనల్ని కాపాడుతుందిలే అనుకునేవాళ్ళు ఈ పాఠం చూడాలి. లావుదాని పక్కన నిలబెట్టిన సన్నది కాపలా కాయడం మానేస్తుంది, దాని పనల్లా లావుదానికి ఇంకొంచెం బలం చేర్చడమే.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి.

మనకి వరసకి పెదనాన్న అయ్యే ఒకాయన ఇల్లు. తాటి దూలాలు, మట్టి గోడలు, పైన అటక. ఆ ఏడు పత్తి బాగా పండింది. ధర కోసం ఆగి అటక నిండా పత్తి వేసి పెట్టినాడు. కూతురి పెళ్ళి వచ్చింది. పందిట్లో ట్యూబ్‌లైట్లు, మైకు సెట్టు, పెట్టెల్లో పాటలు. వియ్యాలవారికి వేణ్ణీళ్ళకి కాయిలు హీటరు ఎవరో కోవిల్‌పట్టి నుంచి తెచ్చినారు. ఇవన్నీ ఇంటి దీపాలకి వేసిన వైరులోంచే లాగినారు. ఆ వైరు 1/18, ఒకే తీగ. పది పన్నెండు ఆంపియర్లు దాని శక్తి. సాయంత్రం ఫ్యూజు పోయింది. ఒక పోగు వేసినారు, పోయింది. రెండు వేసినారు, అదీ పోయింది. పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున. బంధువుల కుర్రాడొకడు నాలుగు పోగులు పురిపెట్టి వేసి, "ఇంక పోదు చూడు" అన్నాడు. నిజమే, పోలేదు.

రాత్రంతా ఆ వైరు మీద పదహారు, పదిహేడు ఆంపియర్లు పోయి ఉంటాయి. పురిపెట్టిన నాలుగు పోగుల ఫ్యూజు ఇరవై దాటితే గానీ కదలదు. పన్నెండుకీ ఇరవైకీ మధ్య ఉన్న ఆ జాగాలో ఆ ఇంటికి కాపలా లేదు. గోడ మీద టేకు పట్టీకి కొట్టిన వైరు అటక పక్కగా పోతుంది. రబ్బరు మెత్తబడింది, కారింది, పొగ మొదలైంది. పందిట్లో అందరూ సందడిలో ఉన్నారు. కాలిన రబ్బరు వాసన మొదట పట్టింది వంటమనిషి ముసలమ్మ. ఆమె అరుపుకి నేను లోపలికి పరిగెత్తేసరికి అటకలోంచి ఎర్రగా కనిపిస్తోంది. ముందు చేతికందిన బోర్డు దగ్గరికి పోయి ఫ్యూజు కట్టె పీకినాను. జనాన్ని బయటికి లాగినాం. ప్రాణాలు దక్కినాయి, దేవుడి దయ. పత్తంతా పోయింది, పైకప్పు పోయింది, పెళ్ళికూతురి పెట్టె పోయింది. పెళ్ళి పక్కింటి పంచలో జరిపించినారు.

తెల్లవారినాక చూస్తే పీకిన కట్టె నా జేబులోనే ఉంది. తీసి చూసినాను. నాలుగు పోగులూ పురి చెక్కుచెదరకుండా ఉన్నాయి, తగరం మెరుపు కూడా ఎక్కడా పోలేదు. ఇల్లు కాలిపోయింది, ఫ్యూజు క్షేమంగా ఉంది. పెదనాన్నకి చూపిస్తే చాలాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకొని, ఏమీ మాట్లాడకుండా తిరిగి ఇచ్చినాడు. ఆ కుర్రాడికి చూపించలేదు. చూపించి ఏం చెయ్యను?

ఇది నెమ్మదిగా వచ్చే చావు. ఒక్కసారిగా వచ్చేది ఇంకొకటి ఉంది, రెండు తీగలు తాకితే షార్టు అంటామే, అది. అబ్బోడా, నీ కోవిల్‌పట్టి కాలేజీ పుస్తకంలో ఐ స్క్వేర్ టీ అని చెప్తారు కదా, అది ఇప్పుడు పనికొస్తుంది. షార్టు అయినప్పుడు వేడి పక్కకి పోవడానికి వ్యవధి ఉండదు, ఎంత పోగులో పుడితే అంతా పోగులోనే నిలుస్తుంది. ఒక పోగు ఉంటే కరెంటు అంతా దానిదే. రెండు ఉంటే ఒక్కోదానికి సగం. సగం కరెంటుకి వేడి సగం కాదు, నాలుగోవంతు. కాబట్టి అదే షార్టుకి రెండు పోగులు కరగడానికి నాలుగింతల సేపు తీసుకుంటాయి. మూడు వేస్తే తొమ్మిదింతలు. నాలుగు వేస్తే పదహారింతలు. ఆ సేపంతా ఆ నిప్పు గోడలో వైరు మీద, స్విచ్చుల మీద, దాన్ని పట్టుకున్న మనిషి ఉంటే వాడి మీద. రెండు పోగులు వేసినవాడు "రెట్టింపే కదా వేసినాను" అనుకుంటాడు. నాలుగింతలు వేసినాడు.

ఇంకో అనర్థం కూడా ఉంది, ఇది ఎవరూ తలచరు. రెండు కట్టెలు పక్కపక్కన కలిపి ఉన్న బోర్డు మీద ఒక కట్టె పీకితే కరెంటు పోదు. ఒక నూనె మిల్లులో అట్లా కలిపినారు, పేరెందుకులే. హెల్పరు ఒకడు కట్టె పీకి చేతిలో పట్టుకొని, ఇంక భయం లేదని మోటారు డబ్బా తెరిచినాడు. రెండో కట్టె మీదుగా కరెంటు వస్తూనే ఉంది. షాకు వాణ్ణి అవతల గోడకి కొట్టింది. బతికినాడు, కానీ కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ మడవలేకపోయినాడు. ఫ్యూజు కట్టె అనేది కరగడానికే కాదు, పనిచేసేవాడు తన ప్రాణాన్ని జేబులో వేసుకొని పోవడానికి కూడా. అది ఒక్కటే ఉండాలి.

మరి సేద్యగాళ్ళు ఎందుకు రెండు వేస్తారంటే, వాళ్ళ బాధ వాళ్ళది, దాన్ని తీసిపారెయ్యకూడదు. 5 హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు తాగేది ఫేజుకి ఏడున్నర ఆంపియర్లు. కానీ లేచేటప్పుడు ఒక్కసారిగా దానికి ఐదారింతలు లాగుతుంది, నలభై దాకా. కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లకే పల్చటి పోగు పోతుంది. కరెంటు ఇచ్చేది రాత్రి పూట, వంతు వేసుకొని. అర్ధరాత్రి బావి దగ్గరికి లాంతరు పట్టుకొని పోయి స్విచ్చి వేస్తే ఫ్యూజు పోయిందంటే ఆ తడి పోయినట్టే. పైరు ఎండుతుంటే మనిషికి గేజీలు గుర్తుంటాయా? ఏ ఫేజులో మాటిమాటికీ పోతోందో ఆ ఫేజులో రెండు పోగులు వేస్తాడు, మిగతా రెంటిలో ఒక్కొక్కటే. తర్వాత ఒంటి పోగు ఉన్న ఫేజు పోతుంది, మిగిలిన రెండు ఫేజుల మీద మోటారు మూలుగుతూ ఉంటుంది, కాయిలు కాలుతుంది. రీవైండింగుకి అప్పు. దానికి సరైన పని వేరే ఉంది. లేచే సేపు తట్టుకునేటంత లావున్న ఒకే తీగ మూడు ఫేజుల్లోనూ సమానంగా వేసి, మోటారు వేడెక్కకుండా చూసే బాధ్యత స్టార్టరులోని రిలేకి అప్పజెప్పాలి. రిలే సెట్టింగు మోటారు పలక మీద రాసిన ఆంపియర్లకి పెట్టాలి. అది తిప్పి పెంచేస్తే ఇదంతా వృథా.

కరెంటు కోసం ఈ నేల పడిన పాటు చిన్నది కాదు. ఆ రోజుల్లో యూనిట్ ధర పైసల్లో పెరిగినా తట్టుకోలేని సేద్యం మనది. దాని మీద సేద్యగాళ్ళు చేసిన పోరాటాలకి ముందు నిలిచిన నారాయణస్వామి నాయుడి గారు, కోయంబత్తూరు సీమ మనిషి, ఇంట్లో తెలుగు మాట్లాడే ఆయన, 1984 డిసెంబరులో మన కోవిల్‌పట్టికి వచ్చి ఈడనే కన్ను మూసినారు. మన ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారు, అందరూ 'నైనా' అని పిలిచే ఆయన, 'కరెంట్' అనే పేరుతోనే కథ రాసినారు. దాన్ని 1992లో కె. హరిహరన్ హిందీలో సినిమా తీస్తే ఓంపురి సేద్యగాడిగా నటించినాడు. నైనాకి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది 'గోపల్లపురత్తు మక్కళ్'కి, 1991లో. కరిసల్ అనే ఈ నల్లరేగడి నేల మీద మనిషికీ మోటారుకీ ఉన్న ముడి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు.

ఇంట్లో ఫ్యూజు లావు చేస్తే అది ఇంట్లో ఆగదు, అది కూడా చెప్పాలి. ఏదైనా తప్పు జరిగితే తప్పు జరిగిన ఇంటి ఫ్యూజే ముందు పోవాలి, స్తంభం మీదిది నిలవాలి, ట్రాన్స్‌ఫార్మరుది ఇంకా గట్టిగా నిలవాలి. కింద వరస తప్పిస్తే ఒక ఇంట్లో షార్టుకి వీధంతా చీకటి. వీధి గొడవ పడితే పైన ఇంకో పోగు. ఆ పైన ఇంకొకటి. చివరికి కాలేది లక్షలు పోసిన ట్రాన్స్‌ఫార్మరు, ఎండాకాలంలో, నారు మడిలో ఉన్నప్పుడు. చుట్టూ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు, టపాసుల గోదాములు పెట్టుకున్న సీమ మనది. ఈడ కరెంటు నిప్పు ఒక చోట మొదలైతే ఎంత దూరం పోతుందో చెప్పక్కర్లేదు.

ఏం పాపా, నీకూ అనుమానం వచ్చింది కదూ? అన్నయ్య ఇందాక గొణిగినాడు, పెద్ద షార్టుని కూడా తెంచే హెచ్.ఆర్.సి. ఫ్యూజులో లోపల నాలుగైదు పట్టీలు పక్కపక్కనే ఉంటాయి కదా, మరి అది తప్పు కాదా అని. మంచి ప్రశ్న. నేను ఒక కాలిపోయినదాన్ని సుత్తితో పగలగొట్టి చూసినాను. పైన పింగాణీ గొట్టం, లోపల మెత్తని పలుగురాయి ఇసుక కూరి ఉంది. ఆ ఇసుకలో పల్చటి వెండి పట్టీలు, ఒక్కోదానికి వరసగా బెజ్జాలు. కాలినచోట ఇసుక కరిగి గాజు గడ్డ కట్టి, పట్టీ ఉన్న జాడ ఆకారంగా మిగిలింది. కరిగేటప్పుడు పుట్టే మెరుపుని ఆ ఇసుక మింగేస్తుంది. మన పింగాణీ కట్టెకి ఆ శక్తి లేదు. కొన్నిటిలో పట్టీ నడిమధ్యన తగరం బొట్టు ఉంటుంది. నెమ్మదిగా వేడెక్కినప్పుడు ఆ తగరం వెండిలో కలిసి తక్కువ వేడికే తెంచుతుంది. మెట్‌కాఫ్ అనే ఆయన 1939లో ఆ సంగతి రాసినాడు.

ఆడ పట్టీలు పక్కపక్కన ఉండొచ్చు. ఎందుకంటే అన్నీ ఒకే అచ్చులో కోసినవి, ఒకే పొడుగు, రెండు చివర్లా ఒకే బిళ్ళకి అతికినవి. వదులయ్యే మర లేదు, పట్టే చిలుము లేదు, పంపకం సమానం. పట్టీలు విడివిడిగా ఉంటే వేడి ఇసుకలోకి బాగా పోతుంది, షార్టులో మెరుపు ముక్కలు ముక్కలై త్వరగా ఆరుతుంది. ఆ గుంపు మొత్తాన్ని ఒక ఫ్యూజుగా పరీక్ష చేసి, ఎంత దగ్గర పోతుందో తేల్చి, ఆ అంకె పైన అచ్చు వేస్తారు. అమెరికా వాళ్ళ వైరింగ్ నియమాల్లో కూడా ఫ్యూజులు పారలల్‌గా ఉండాలంటే ఫ్యాక్టరీలోనే అట్లా కూర్చి, ఒకే వస్తువుగా ఆమోదం పొందినవై ఉండాలని రాసి ఉంది. తయారైన రెండు హెచ్.ఆర్.సి.లు తెచ్చి మన బోర్డు మీద పక్కపక్కన బిగిస్తే మళ్ళీ నా మేస్త్రి పలక మీద చూసిన కథే. 100 కావాలంటే 100ది ఒకటి తేవాలి, 50వి రెండు కాదు.

ఈ రాత్రి మన ఇంట్లో ఫ్యూజు ఎందుకు పోయిందో నాకు తెలుసు. గ్రైండరు, నీళ్ళ మోటారు, ఇస్త్రీపెట్టె మూడూ ఒకసారే నడిచినాయి. ఆ మూడూ దీపాల లైనులో ఉండకూడదు. రేపు సాత్తూరు బజారుకి పోయినప్పుడు 5 ఆంపియర్ల ఫ్యూజు వైరు కార్డు ఒకటి, 15 ఆంపియర్లది ఒకటి తే, అంగడివాడు ఏదో చుట్ట విప్పి ఇస్తానంటే తీసుకోవద్దు, కార్డు మీద అంకె చూడు. గ్రైండరుకీ మోటారుకీ వేరే లైను లాగుదాం, 3/20 వైరు ముప్పై గజాలు పడుతుంది. అట్లాగే మీ అత్త వాళ్ళింటికి పోయి వాళ్ళ బోర్డు కూడా తెరిచి చూడు. మొన్న సంక్రాంతికి మీ మామ నాతో, "ఇప్పుడు మాకు ఫ్యూజు పోవడమే లేదు పెదనాన్నా" అన్నాడు.